పిడికిలి దూరే టర్బో

మా మావయ్యగారు ఇంటికి తెచ్చిన ఆ టర్బో గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా ఆయన అంటూ ఉంటాడు. నేను మాట్లాడతాను. బతికుండగా మొహం మీదే అన్నదాన్ని, ఇప్పుడు కొత్తగా చాటున అంటున్నదేమీ లేదు.

అప్పట్లో మేము బోయిన్‌పల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్ళం. ఇంట్లో ముగ్గురమే. మావయ్యగారు మిలిటరీ వర్క్‌షాప్‌లో ముప్పై రెండేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. అత్తయ్య అంతకు మూడేళ్ళ ముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మేడ్చల్ దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతికి మొదటి పీరియడ్ నాది. పదకొండేళ్ళుగా నాది. ఇంట్లో ఎవరూ నా మాట వినేవాళ్ళు కాదు గానీ, ఆ నలభై అయిదు నిమిషాలూ నలభై మంది ఆడపిల్లలు కళ్ళార్పకుండా వినేవాళ్ళు. ఆ పీరియడ్ కోసమే బతికానంటే మీకు నవ్వు రావచ్చు. రానివ్వండి.

బడికి రెండు బస్సులు మారాలి. మొదటిది చౌరస్తా దాకా, రెండోది మేడ్చల్ దాకా. మధ్యలో మార్కెట్ లారీలు. టమాటాల లారీ ఒకటి రోడ్డుకి అడ్డం తిరిగిందంటే ఆ పొద్దు సంగతి అంతే. అలా రెండు లేటు మార్కులు పడ్డాయి. హెడ్‌మిస్ట్రెస్ మేడం నన్ను గదిలోకి పిలిచి, హాజరు పుస్తకం నా వైపు తిప్పింది.

"దసరా సెలవుల్లోపు మూడోది పడిందంటే పదో తరగతి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను టీచర్. మీకు ఆరో తరగతి ఇస్తా, మధ్యాహ్నం పూట. కాస్త అటూ ఇటూ వచ్చినా ఫర్వాలేదు."

ఫర్వాలేదట! ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఇంటికి రాగానే మా ఆయనతో చెప్పాను, నాకు కారు కావాలని.

కొన్నాం. సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు. ఒళ్ళు పెద్దది, ఓపిక చిన్నది. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్నాను. మా ఆయన రెండోసారికి తెచ్చుకున్నాడు, ఆ సంగతి మాత్రం ఎక్కడా చెప్పడు. తీరా చూస్తే ఆ కారు మా సందు చివర మెయిన్ రోడ్డు మీదికి ఎక్కే ఎత్తు దగ్గరే చతికిలబడేది. ఫస్ట్ గేర్లో మూలుగుతూ, రొప్పుతూ ఎక్కేది. ఎక్కాక లారీల మధ్యలో సందు దొరికినా దూరేంత పికప్ ఉండేది కాదు.

బన్సీలాల్‌పేట్‌లో మాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. బానెట్ ఎత్తి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇంజిన్ మంచిగనే ఉంది మేడం. దమ్ము లేదు, గంతే. జెర టర్బో ఏయిస్తే బండి వేరే అయితది."

టర్బో అంటే ఏమిటో కూడా అతనే చెప్పాడు. సైలెన్సర్ గుండా ఊరికే బయటికి పోయే పొగ ఉంటుంది కదా, ఆ పొగ తోపుతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఇంకో చక్రం. అది బయటి గాలిని పీల్చి ఇంజిన్‌లోకి దూరుస్తుంది. గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బలం వస్తుంది. ఎంత చక్కటి ఆలోచన! బోర్డు మీద గీసి మా పిల్లలకి చెప్పాలనిపించింది. "ఎంత సైజుది పెట్టాలి?" అని అడిగాను. అతను నోరు తెరవబోయాడు. అంతలో పక్కనున్న మావయ్యగారు చెయ్యి ఎత్తారు.

"టర్బో సంగతి నాకొదిలెయ్. నేను తెస్తా. మిలిటరీ మాల్."

ఆ రెండు మాటల గురించి మీకు చెప్పాలి. మా ఇంట్లో మిలిటరీ మాల్ అంటే దేవుడి తర్వాత అదే. కంటోన్మెంట్‌లో వేలం వేసిన పాత సామాను కొని అమ్మే డిస్పోజల్ దుకాణాలు ఉంటాయి. మావయ్యగారికి వాటి వైపు వెళ్ళడమే షికారు. మా మంచాలు మిలిటరీవి, దుప్పట్లు మిలిటరీవి, ఒంటిని గీరేస్తాయి. నీళ్ళ డబ్బా, టార్చిలైటు, చివరికి పప్పు గుత్తి లాంటిదొకటి ఉండేది, అదీ మిలిటరీదే. ఏదీ చచ్చినా పాడవదు, ఏదీ మా కొలతకి సరిపోదు. అయినా ఆ సందులో ఉన్న సగం ఇళ్ళది అదే పిచ్చి. మిలిటరీ ముద్ర ఉందంటే చాలు, అది ఎవరికి పనికొస్తుంది, ఎందుకు పనికొస్తుంది అని అడిగేవాళ్ళే లేరు.

మూడో రోజు ఆటోలో ఇంత లావు ఇనుప ముద్ద దిగింది. మిలిటరీ లారీ నుంచి ఊడదీసిన టర్బో. మావయ్యగారు దాన్ని వరండాలో పేపరు మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, పిడికిలి బిగించి దాని నోట్లో దూర్చారు. మణికట్టు దాకా వెళ్ళింది.

"చూశావా? దుకాణంలో నాలుగున్నాయి. మిగతావాటిలో నా పిడికిలి పట్టలేదు. పిడికిలి దూరితేనే టర్బో. లేకపోతే అది ఈల."

నేను లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చాను. మెకానిక్‌ని అడిగి రాసుకున్న లెక్క అది. మా ఇంజిన్ రెండు లీటర్లది. రెండు చుట్లు తిరిగితే ఒకసారి నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే రెండు వేల లీటర్లు. ఆ లారీ ఇంజిన్ ఆరు లీటర్లది. అదే రెండు వేల చుట్లకి అది ఆరు వేల లీటర్లు పీల్చి వదులుతుంది. ఆ ఆరు వేల లీటర్ల తోపుకి తిరిగేలా చేసిన చక్రం ఇది. మా కారు అంత వదలాలంటే ఆరు వేల చుట్లు తిరగాలి. తిరిగేలోపే అది పగిలి రోడ్డున పడుతుంది. ఇందులో తెలివితేటలేమీ లేవు, ఏడో తరగతి పిల్ల చెయ్యగలిగే హెచ్చవేత.

"మావయ్యగారూ, మన ఇంజిన్ ఊపిరి దీనికి చాలదండీ," అన్నాను.

ఆయన నోటుబుక్కు వైపు కనీసం చూడలేదు. "లెక్కలు బోర్డు మీద చూపించమ్మా. ముప్పై రెండేళ్ళు ఈ చేతులతో బిగించాను."

మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "నాన్నకి తెలుసులేవే," అన్నాడు. ఆయన నోట్లో నాలుక వాళ్ళ నాన్న ముందు ఎప్పుడూ లేదు. నా ముందు మాత్రం మూరెడు ఉంటుంది.

మెకానిక్‌నైనా నిలదీద్దామని వెళ్ళాను. అతను ఆ టర్బోని అటూ ఇటూ తిప్పి చూశాడు, నా వైపు చూశాడు, మావయ్యగారి వైపు చూశాడు. "పెద్దాయన జెప్తుండు మేడం. నేనేం జెయ్యాలె?" అని గొణిగాడు. బోల్టు కన్నాలు కలవక మధ్యలో ఇనుప పలక ఒకటి వెల్డింగ్ చేసి, గొట్టాలు వంచి, డీజిల్ ఎక్కువ పోయేలా పంపు తిప్పి, నాలుగు రోజుల్లో బిగించేశాడు. మావయ్యగారు ముచ్చటపడి రెండు మీటర్లు కూడా పెట్టించారు. ఒకటి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపిస్తుంది. రెండోది టర్బో గాలి ఎంత ఒత్తిడితో లోపలికి పోతోందో చూపిస్తుంది. ఈ రెండోది కూడా మిలిటరీదే.

ఇక ప్రార్థన. మా సంఘంలో ఏది కొన్నా పాస్టర్‌గారిని పిలిచి కృతజ్ఞతా ప్రార్థన చేయించడం ఆనవాయితీ. కుట్టు మిషనుకి చేయించాం, ఫ్రిజ్జుకి చేయించాం. కారుకి ఒకసారి అయిపోయింది కదా అంటే, టర్బోకి వేరే అన్నారు మావయ్యగారు. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక పాస్టర్‌గారు వచ్చి, బానెట్ ఎత్తించి, ఆ ఇనుప ముద్ద మీద చెయ్యి ఉంచి, ఈ వాహనమును, ఇందులో ప్రయాణించు నీ బిడ్డలను నీ రెక్కల చాటున కాపాడుము అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ తర్వాత ఆ టర్బోని ఒక్క మాటన్నా విశ్వాసం లేనిదానివి అంటారు. మావయ్యగారు ఆ ప్రార్థన ఎందుకు పెట్టించారో నాకు ఆమెన్ అన్నాక గానీ వెలగలేదు.

ఆ సాయంత్రమే ఆయన కారు తీసి, మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని మేడ్చల్ హైవే మీదికి వెళ్ళారు. ఖాళీ రోడ్డు. మూడో గేర్లోనే ఉంచి, ఇంజిన్ గగ్గోలు పెట్టేదాకా తొక్కారు. మూడు వేల అయిదొందల చుట్లు దాటాక వెనక నుంచి ఎవరో తోసినట్టు కారు ఒక్కసారి ముందుకి దూకింది. ఒత్తిడి ముల్లు కాస్త లేచింది. వెనక అద్దంలో నల్లటి పొగ తప్ప ఏమీ కనపడలేదు.

"చూశారా! ఏమన్నావమ్మా, ఊపిరి చాలదా?"

నిజమే, దూకింది. నాకు కావలసింది హైవే మీద దూకడం కాదని అప్పుడు చెప్పినా ఎవరు వింటారు?

సోమవారం పొద్దున నేను నడిపాను. పక్కన మా ఆయన. సందు చివర ఎత్తు ఎక్కి ఆగాను. కుడి నుంచి లారీ వస్తోంది గానీ దూరంగా ఉంది. దూరిపోవచ్చు అనుకుని క్లచ్ వదిలి తొక్కాను. ఏమీ లేదు. నల్లగా పొగ కక్కి, కారు అక్కడే రోడ్డు మధ్యలో ఈడిగిలబడింది. అంతకు ముందు ఉన్న ఆ కాస్త పికప్ కూడా లేదు. లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. మా ఆయన "పోనీ, పోనీ!" అని అరుస్తున్నాడు. భయంతో ఇంకా అదిమి తొక్కాను. ఇంజిన్ అరిచింది, అరిచి అరిచి, ఇక అక్కర్లేని సమయానికి టర్బో నిద్రలేచింది. కారు ఒక్క దూకుతో రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న తోపుడు బండి ముందు జానెడు దూరంలో ఆగింది. బండి మీది టమాటాలు సగం కిందపడ్డాయి.

బండివాడు నన్నేమీ అనలేదు, మా ఆయన్ని పట్టుకున్నాడు. "ఏందన్నా, లేడీసుకు బండి ఇచ్చి పక్కన కూసుంటవా? పానం పోతే ఎవ్వరు జవాబు?"

మా ఆయన ఆ టమాటాలు ఏరుతూ, "అదేనన్నా, అదే," అన్నాడు. అదే అట! కట్టుకున్నవాడు, నడిరోడ్డు మీద, మోకాళ్ళ మీద కూర్చుని టమాటాలు ఏరుతూ అన్న మాట అది. అప్పుడు నాకు లారీవాడి మీద లేదు కోపం.

కారు ఆయనకొదిలేసి ఆటోలో బెల్లు వేళకే బడికి చేరాను గానీ, ఆ సాయంత్రం ఇంట్లో తీర్పు అయిపోయింది. బండి బ్రహ్మాండంగా ఉంది, అమ్మాయికే చెయ్యి కుదరలేదు. తాళాలు మావయ్యగారి చొక్కా జేబులోకి వెళ్ళిపోయాయి. మర్నాటి నుంచి ఆయనే నన్ను బడి దగ్గర దింపుతారు.

దింపేవారు. ఎలా దింపేవారో చెబుతాను. నేను ఏడింటికి తయారై హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని వరండాలో నిలబడేదాన్ని. ఆయన వాక్యం చదువుకుని, ప్రార్థన చేసుకుని, టీ తాగి, కారు టైర్లు నాలుగూ కాలితో తన్ని చూసి, అద్దం తుడిచి, అప్పుడు ఎక్కేవారు. తొందరగా అంటే, "మిలిటరీలో చెకింగ్ లేకుండా బండి కదలదు," అనేవారు. బడి గేటు ముందు ఆపి, పిల్లలందరూ చూస్తుండగా, "సాయంత్రం నాలుగున్నరకి ఇక్కడే నిలబడు, ఎటూ పోకు," అని గట్టిగా చెప్పేవారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆయన మాటకి నేను తలూపడం అనుకరించి చూపిస్తుంటే నేనే చూశాను. పళ్ళు నూరుకుని స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయాను.

రెండో రోజు నుంచి నేను నోటుబుక్కు తెరిచాను. పక్క సీట్లో కూర్చుని, రోడ్డు ఎక్కడ బలం అడుగుతుందో అక్కడల్లా రెండు మీటర్లూ చూసి రాసుకున్నాను. సందు చివర ఎత్తు దగ్గర పదిహేను వందల చుట్లు. సిగ్నల్ నుంచి కదిలేటప్పుడు పద్దెనిమిది వందలు. బస్సుని దాటేటప్పుడు రెండు వేల రెండొందలు. ఆ వారంలో ఆయన ఎక్కువలో ఎక్కువ తిప్పింది రెండు వేల మూడొందలు. ఒత్తిడి ముల్లు ఒక్కసారంటే ఒక్కసారి సున్నా మీంచి కదల్లేదు. హైవే మీద ఆ ఒక్క సాయంత్రం తప్ప, ఆయన టర్బోని ఆయనే ఎన్నడూ నిద్రలేపలేదు.

"ఏం రాస్తున్నావ్?" అని అడిగారు ఒకరోజు.

"పరీక్ష పేపరు," అన్నాను.

గురువారం ఆయన టైర్లు తన్నడంలో ఇంకాస్త నిదానించారు. నేను బడి వరండాలో పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బెల్లు మోగి అయిదు నిమిషాలైంది. హాజరు పుస్తకం ముందు హెడ్‌మిస్ట్రెస్ మేడం నిలబడి ఉంది. గడియారం చూసింది, పెన్ను మూసింది, పెన్సిల్ తీసింది.

"పదకొండేళ్ళు చేశారని పెన్సిల్‌తో పెడుతున్నాను. వచ్చే వారంలో ఒక్కరోజు ఆలస్యమైనా దీని మీద సిరా పెడతా."

ఆ పూట పదో తరగతిలో నిలబడి, నల్లబోర్డు మీద తేదీ రాస్తూ సుద్దముక్క అదిమి విరగ్గొట్టాను. భయంతో కాదు. ఆ ముసలాయన్ని నాలుగు కడిగెయ్యాలన్న కోపంతో.

శనివారం ఒంటిపూట బడి. సాయంత్రం దాకా నాకు పనుందని ఇంట్లో చెప్పి, బస్సెక్కి నేరుగా బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. మెకానిక్ ముందు నోటుబుక్కు పెట్టాను. అతను వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివి, తల గోక్కున్నాడు.

"ఎవ్వరు నడుపుతరు, ఏడ నడుపుతరు, ఎంత తిప్పుతరు, గియ్యి అడగకుండ టర్బో ఇయ్యద్దు మేడం. ఆ దినం నేను అడుగుదామనే అనుకున్న. సాబ్ అడగనియ్యలే."

"ఇప్పుడు అడుగు."

"ఎవ్వరు నడుపుతరు?"

"నేను."

ఆ మాట నా నోటితో నేను గట్టిగా అనడం అదే మొదటిసారి. అతను లోపల వెతికి రెండు టర్బోలు తెచ్చాడు. ఒకటి మరీ బుల్లిది. ఇంకోటి మా ఇంజిన్ సైజు డీజిల్ కారుదే, యాక్సిడెంటై తుక్కుకి వచ్చిన బండిది. బుల్లిది ఇంకా తొందరగా మేలుకుంటుంది కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. మరీ చిన్నదైతే కారు కాస్త వేగం అందుకోగానే దాని చక్రం శక్తికి మించి తిరిగి అరిగిపోతుందట, పొగకి దారి చాలక ఇంజిన్‌కి కూడా ఊపిరి ఆడదట. రెండోది పదహారు వందల చుట్లకి గాలి అందుకుంటుంది, మూడు వేల దాకా బాగుంటుంది.

"ఆ మీద దీని దమ్ము సుత అయిపోతది మేడం. హైవే మీద ఉరికియ్యలేరు. ముందే జెప్తున్న."

"హైవే మీద ఉరికేవాళ్ళు ఇంకో కారు కొనుక్కుంటారు. ఇదే పెట్టు."

దాని నోట్లో నాకు రెండు వేళ్ళు పట్టాయి. రేపు కారు తెస్తాను, పలక తయారుగా ఉంచమని చెప్పి వచ్చాను. తాళాలు ఇంకా ఆయన జేబులోనే ఉన్నాయి.

ఆదివారం గుడి తర్వాత పాస్టర్‌గారు మా ఇంట్లో భోజనం. కోడికూర, పలావు. నేను వడ్డించి కూర్చున్నానో లేదో పాస్టర్‌గారు అడిగారు.

"కొత్త మిషను ఎలా పనిచేస్తోంది బ్రదర్?"

"దేవుని కృప అయ్యగారూ. బండి గుర్రంలా ఉంది," అని, మావయ్యగారు నా వైపు చూసి నవ్వారు. "నడిపేవాళ్ళకే ధైర్యం లేదు."

ఇక ఆగలేదు నేను. ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమ చేత్తో నోటుబుక్కు తెచ్చి కోడికూర గిన్నె పక్కన పెట్టాను.

"ఈ వారమంతా నడిపింది మీరే కదండీ మావయ్యగారూ. ముల్లు ఒక్కసారైనా సున్నా దాటిందా?"

"అది మిలిటరీ ముల్లు. నిదానంగా లేస్తుంది."

"అది లేవాలంటే ఇంజిన్ మూడు వేల అయిదొందలు తిరగాలి. మీరు రెండు వేల మూడొందలు దాటలేదు. ఇదిగో, రోజువారీగా రాశాను. మీరు నడిపింది టర్బో లేని కారండీ. దాని కన్నా అధ్వానం, పొగ గొట్టానికి ఇనుప బిరడా కొట్టిన కారు. దాంతో నన్ను లారీ కిందికి తోశారు, తోసి నాకే చెయ్యి కుదరలేదన్నారు!"

"ఇప్పుడెందుకే, తిననీ," అన్నాడు మా ఆయన.

"మీరు టమాటాలు ఏరుకోండి," అన్నాను. పాస్టర్‌గారికి అర్థం కాలేదు గానీ మా ఆయనకి అర్థమైంది.

మావయ్యగారి మొహం ఎర్రబడింది. "ముప్పై రెండేళ్ళు! స్టోరు నుంచి సామాను రావడం, నేను బిగించడం. నేను బిగించింది ఒక్కటి వెనక్కి రాలేదు. అడుగు, కంటోన్మెంట్‌లో ఎవర్నైనా అడుగు."

"ఏ బండికి ఏ సామాను సరిపోతుందో స్టోర్లో ఎవరు చూసేవాళ్ళు?"

"చూసేదేముంది? బండికో నంబరు, సామానుకో నంబరు. చీటీలో రాసుంటుంది. రెండూ కలిస్తే ఇచ్చేవాళ్ళు. కలవకపోతే బోల్టు కూడా బయటికి రాదు."

ఆయన అదేదో గొప్పగానే చెప్పారు. నాకు మాత్రం తప్పు లెక్కలో తప్పిన చోటు కంటపడ్డట్టయింది. మిలిటరీ మాల్ ఎప్పుడూ సరిగ్గా ఎందుకు పనిచేసిందో, మా ఇంట్లోకి వచ్చాక ఎందుకు పనిచెయ్యదో, అంతా ఆ చీటీలోనే ఉంది.

"అంటే ఎంచేది మీరు కాదు," అన్నాను. "ఎవరో కొలిచి, ఎవరో లెక్కగట్టి, నంబరేసి పంపితే మీరు బిగించారు. ముప్పై రెండేళ్ళలో ఒక్క సామాను, ఒక్కటంటే ఒక్కటి, మీ అంతట మీరు ఎంచారా?"

పాస్టర్‌గారు పలావులోంచి లవంగాలు ఏరడం మొదలుపెట్టారు. మా ఆయన నీళ్ళు తాగాడు. నాకు తెలుసు, తగలవలసిన చోట తగిలిందని. నిజం చెబుతున్నాను, సంతోషం వేసింది. పాస్టర్‌గారి ముందు అడిగినందుకు ఇంకా ఎక్కువ వేసింది.

మావయ్యగారు కంచం పక్కకి జరిపారు. గొంతులో వెనకటి జోరు లేదు.

"లేదమ్మా. ఎంచలేదు. అక్కడ నంబరు, ఇక్కడ మీ అత్తయ్య. ఈ ఇల్లు ఆవిడే చూసింది. నా చొక్కాల గుడ్డ ఆవిడే కొనేది. నిన్నూ ఆవిడే చూసొచ్చింది, నేను పెళ్ళిలోనే చూశాను. నా అంతట నేను వెళ్ళి, నాలుగింటిలో ఇదీ అని ఎంచి తెచ్చుకున్నది అదొక్కటే."

నోటుబుక్కు మూసేశాను. ఒక్క క్షణం ఊరుకుందామా అనిపించింది కూడా. కానీ సోమవారం పొద్దున సిరా పెన్నుతో నిలబడేది ఆయన కాదు, హెడ్‌మిస్ట్రెస్.

"తాళాలివ్వండి," అన్నాను.

ఆయన జేబులోంచి తీసి నోటుబుక్కు మీద పెట్టారు.

సోమవారం సంగతి ముందే చెప్పేస్తాను. బెల్లుకి పావుగంట ముందే బడిలో ఉన్నాను. ఎత్తు దగ్గర, లారీల మధ్యలో, ఎక్కడా కారు నన్ను ఏడిపించలేదు. పెన్సిల్ గీత అలాగే ఉండిపోయింది, దాని మీద సిరా పడలేదు. పదో తరగతి నా దగ్గరే ఉంది, రిటైరయ్యేదాకా ఉంది. మా ఆయన ఆ తర్వాత నా డ్రైవింగ్ గురించి నోరెత్తలేదు. అందరూ నేను గెలిచానన్నారు, నేనూ అదే అంటాను.

నేను చెప్పవలసింది ఆ ఆదివారం సాయంత్రం సంగతి. భోజనాలయ్యాక నేనే కారు తీసుకుని, ఆగుతూ సాగుతూ బన్సీలాల్‌పేట్ చేరాను. మెకానిక్ పాత టర్బో ఊడదీసి పక్కన పెట్టి, కొత్తది బిగించి, పంపు మళ్ళీ సరిచేసి, మీటర్లు చూసుకునేసరికి పొద్దు వాలింది. అప్పుడు చూశాను, షెడ్డు గుమ్మంలో మావయ్యగారు. బస్సులో వచ్చినట్టున్నారు. చంకలో మడత పెట్టిన గోనెసంచి ఉంది. నేల మీదున్న ఆ ఇనుప ముద్ద వైపు చూస్తూ నిలబడ్డారు.

మెకానిక్‌కి ఇంట్లో జరిగింది తెలియదు. చేతులు తుడుచుకుంటూ, ఆయన్ని కాదు, నన్ను అడిగాడు.

"మేడం, గీ పాతది ఏం జేద్దాం?"

గోనెసంచి ఎందుకు తెచ్చారో నాకు తెలుసు. మోసుకుని బస్సెక్కించి ఇంటికి తీసుకుపోదామని తెచ్చారు. ఏమీ చెయ్యక్కర్లేదు, సాబ్‌కి ఇచ్చెయ్ అంటే సరిపోయేది. రెండు మాటలు.

"తుక్కులో వేసెయ్," అన్నాను.

ఆయన విన్నారు. సంచి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, వెనక్కి తిరిగి బస్టాప్ వైపు నడిచారు. నేను కారు స్టార్ట్ చేశాను. పికప్ బ్రహ్మాండంగా ఉంది. సందు మలుపులో ఆయన పక్కనుంచే వెళ్ళాను. ఆపి పిలిస్తే ఎక్కేవారేమో. నేను ఆపలేదు.